పొలిమేర దాటిన ఆంధ్రరత్నము

కృష్ణామండలపు ఉత్తరభాగమున, నేడు ఎన్టీఆర్ జిల్లాగా వ్యవహరింపబడు ప్రాంతమున, గంపలగూడెము, తిరువూరు మెట్టసీమలకు పొరుగున, మునియేటి యొడ్డున పెనుగంచిప్రోలు అను గ్రామము కలదు. తిరుపతమ్మ తిరునాళ్ళకు ప్రసిద్ధికెక్కిన ఆ గ్రామముననే 1889 జూన్ 2వ తేదీన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు జన్మించిరి. రామదండు నాయకునిగను, చమత్కార సంభాషణ చతురునిగను, ఆంధ్రరత్నముగను ఆయనను తెలుగువా రెరుగుదురు. కాని ఊరి పాలనకై చేయబడిన శాసనము సామాన్యుని గడపలోని కెట్లు వచ్చునో, దానిని కాదనదలచిన వానికి ఏయే ద్వారములు తెరచియుండునో, అవి యన్నియు మూసికొనిపోయిన పిమ్మట ఏమి మిగులునో ఒక పట్టణమున కంతటికిని బోధించిన గురువుగా ఆయనను స్మరించువారు తక్కువ.

పసితనముననే తల్లిదండ్రులను కోల్పోయి, పినతండ్రి, నాయనమ్మల పోషణమున ఆయన పెరిగిరి. గుంటూరులో విద్యాభ్యాసము జరిగెను. బాపట్ల తాలూకా కచ్చేరిలో కొంతకాలము గుమాస్తాగిరి చేసిరి. కాగితము ఒక బల్లనుండి మరియొక బల్లకు నడచుటలో ప్రజల కష్టము ఎట్లు మరుగున పడునో చూచుటకు తాలూకా కచ్చేరిని మించిన పాఠశాల లేదు. పిదప మిత్రుడు నడింపల్లి నరసింహారావుగారితో కూడి స్కాట్లండునకు వెడలి, ఎడింబరో విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము నభ్యసించి ఎం.ఏ. పట్టము పొందిరి. ఆనంద కుమారస్వామిగారితో కలసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమున కనువదింపగా, ఆ గ్రంథము 1917లో వెలువడెను. స్వదేశమునకు మరలి రాజమహేంద్రవరమునను, బందరు జాతీయ కళాశాలయందును కొంతకాలము ఉపాధ్యాయులుగా నుండిరి. ఉద్యోగము ఆయనను ఎక్కడను ఎక్కువకాలము కట్టివేయలేకపోయెను.

ఆయనను చరిత్రలో నిలిపినది చీరాల. నాడు అది గుంటూరు జిల్లాలోనిది. చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట గ్రామములు కలసి ఒక యూనియనుగా నుండెడివి. జనసంఖ్య సుమారు 15,000. వారిలో మగ్గముపై బ్రతుకువారును, చిన్నకారు రైతులును హెచ్చు. 1919లో మద్రాసు ప్రభుత్వము చీరాల పేరాలలను మునిసిపాలిటీగా మార్చెను.

యూనియనునకును మునిసిపాలిటీకిని గల భేదము పేరులో మాత్రమే యున్నది కాదు. యూనియను చిన్న సంసారము. వీథిదీపములు, బావులు, బాటలు దాని పని. మునిసిపాలిటీ వచ్చినచో ఆస్తిపన్ను, వృత్తిపన్ను మున్నగునవి దాని వెంట వచ్చును. బిల్లు వచ్చిన గడువులోపల చెల్లింపనియెడల నోటీసు. నోటీసును లెక్కచేయనియెడల చరాస్తి జప్తు. జప్తునకు ఏమియు దొరకనియెడల న్యాయస్థానమున అభియోగము. ఊరికి పట్టణమను గౌరవము దక్కునని ప్రభుత్వము తలచినది. యూనియను నాటి పన్నునకు పలురెట్లు మోయవలసివచ్చునని నేతగాండ్రు తలచిరి. కొత్త సౌకర్యములకంటె కొత్త పన్నులే ముందుగా గుమ్మము త్రొక్కునని వారి భయము.

చీరాలవారు మొదటనే తిరుగబడలేదు. తమకు మునిసిపాలిటీ వలదని ప్రభుత్వమునకు అర్జీలు పెట్టుకొనిరి. స్థానిక స్వపరిపాలన శాఖ అప్పటికి భారతీయ మంత్రుల చేతికి వచ్చియుండెను. ఆ శాఖకు మంత్రి తెలుగువారైన పానుగంటి రామరాయణింగారు. అయినను అర్జీలు ఫలింపలేదు. అంతట ఎన్నికైన సభ్యులు రాజీనామా లిచ్చిరి. సభ్యులు లేనిచో సభ ఆగును గాని శాసనము ఆగదు. ఖాళీ యైన పీఠమున ప్రభుత్వము జీతపు టధికారిని కూర్చుండబెట్టి పన్నులు వసూలు చేయించెను. పన్ను చెల్లింప నిరాకరించిన పండ్రెండుగురు కారాగృహమున కేగిరి. వారిలో రావూరి అలమేలుమంగమ్మ అను స్త్రీయు నుండెను.

ఈ ఘట్టములన్నింటియందును గోపాలకృష్ణయ్యగారు చీరాల ప్రజలకు అండగా నిలిచిరి. ఆయన కూర్చిన రామదండు అను స్వచ్ఛందసేవక దళము ఊరి యువకులకు క్రమశిక్షణమును అలవరచెను. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనపుడు ఇసుకవేసిన రాలని జనసమ్మర్దమును అదుపులో నుంచినది ఈ దళమే. ఆ వెంటనే ఏప్రిల్ 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చిరి. ఆయన సూచించిన మార్గములు రెండు: అహింసతో పన్నుల నిరాకరణమును సాగించుట ఒకటి, మునిసిపల్ హద్దులు దాటి ఊరినే విడిచిపోవుట రెండవది. ఏది యెంచుకొన్నను కాంగ్రెసు ధనసహాయముపై ఆశ పెట్టుకొనక స్వశక్తిపైననే నిలువవలెనని హెచ్చరించిరి.

గోపాలకృష్ణయ్యగారు రెండవ మార్గమును వరించిరి. మునిసిపాలిటీ అధికారము పొలిమేర వరకే. పొలిమేర దాటినవానిని అది ప్రశ్నింపలేదు. జనము లేని పట్టణమున పాలకసంఘము తనంత తానే క్షీణించునని ఆయన ఎత్తుగడ. ఏప్రిల్ నెల చివర వేసవి యెండలలో, పిల్లలతోను, వృద్ధులతోను, మగ్గములతోను, పశువులతోను సుమారు 13,000 మంది తాతముత్తాతలనాటి యిండ్లకు తాళములు వైచి, హద్దు వెలుపల పాకలు వేసికొనిరి. ఆ పాకల పట్టణమునకు రామనగర్ అని పేరు పెట్టుకొనిరి.

రామనగర్ కేవలము నిరసన శిబిరము కాదు. ఒక్కొక్క కులమునుండి ఎన్నుకొనబడిన ప్రతినిధులతో అచ్చట ఒక సభ యేర్పడెను. తగవులు తీర్చుటకు పంచాయతి న్యాయసభ వెలసెను. తమకు వలదన్న మునిసిపాలిటీని విడిచివచ్చినవారు తమకు కావలసిన పాలనను తామే నిర్మించుకొనిరి. పన్ను చెల్లించుటకు ఇష్టములేక పారిపోయినవారను నిందకు ఇంతకంటె తగిన సమాధానము లేదు.

ఐనను ఆ యెత్తుగడలో ఒక లోపము లేకపోలేదు. మనుష్యులు పొలిమేర దాటిరి గాని వారి యిండ్లు లోపలనే యుండెను. వర్షములు కురిసెను, పాకలు తడిసెను, చేతిలోని డబ్బు కరగెను. ధనసేకరణకై బయలుదేరిన గోపాలకృష్ణయ్యగారు బరంపురమున ఉపన్యాస నిషేధపుటుత్తరువును ధిక్కరించిరని నిర్బంధింపబడి, ఒక సంవత్సరము శిక్షపొంది తిరుచిరాపల్లి చెరసాలకు పంపబడిరి. నాయకుడు లేని రామనగర్ మరికొంతకాలము నిలిచెను. మొత్తము పదునొకండు నెలలు ప్రజలు ఆ పాకలలో గడపి, క్రమక్రమముగా ఇండ్లకు మరలిరి.

విడుదలైన పిమ్మటను ఆయన దేశసేవను మానలేదు. కాని దారిద్ర్యమును క్షయవ్యాధియు ఆ శరీరమును కృశింపజేసెను. 39 ఏండ్లు నిండిన 8 దినములకు, 1928 జూన్ 10వ తేదీన, ఆయన కన్నుమూసిరి. బెజవాడలోని ఆంధ్రరత్నభవనము ఆయన పేరు మోయుచున్నది.

చీరాల ఓడిపోయినదా? పన్ను మాట తలచినచో ఓడినదనియే చెప్పవలెను. కాని నాడు చీరాల అడిగిన ప్రశ్నలలో ఒకదానికి తరువాతి కాలము సమాధానము చెప్పినది. 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము ప్రకారము మునిసిపాలిటీ గడువు ఐదేండ్లు. అది రద్దయినచో ఆరు నెలలలోపల ఎన్నిక జరుపవలెను. ఖాళీ పీఠమున అధికారిని చిరకాలము కూర్చుండబెట్టుట నేడు రాజ్యాంగమునకు సమ్మతము కాదు.

రెండవ ప్రశ్న మాత్రము అట్లే యున్నది. ఒక గ్రామము నగరపంచాయతి యగుటకో, మునిసిపాలిటీ యగుటకో రాజ్యాంగము జనసంఖ్యను, జనసాంద్రతను, స్థానిక పాలనకు వచ్చు రాబడిని, వ్యవసాయేతర వృత్తులలో నున్నవారి పాలును, ఆర్థిక ప్రాముఖ్యమును పరిగణింపుమనినది. నివాసుల సమ్మతి ఆ పట్టికలో పేరు పెట్టి చెప్పబడలేదు. తిరువూరువంటి ఊళ్ళు నగరపంచాయతులైనవి. గంపలగూడెమువంటివి గ్రామపంచాయతులుగనే యున్నవి. ఈ గట్టునుండి ఆ గట్టునకు చేరవలసిన దినము ఏ గ్రామమునకైనను రావచ్చును. అభ్యంతరములు వ్రాసి యిచ్చుటకు గడువు ఏనాటితో ముగియునో, పన్ను ఏ లెక్కను పెరుగునో, దానికి బదులుగా వచ్చునది ఏమో గ్రామసభలో ముందుగానే అడిగి తెలిసికొన్నవారికి ఊరు విడువవలసిన పని యుండదు. పొరుగూరి బిడ్డ ఒకడు పదమూడు వేలమందిని పొలిమేర దాటించి నేర్పిన పాఠ మిదియే.