ఆచారాన్ని తూకం వేసిన నారాయణ గురు

ఆచారాలను కాపాడుకోవాలా, కాల్చివేయాలా అన్న వాదన మన విశ్వవిద్యాలయాల్లో ఏటా ఏదో ఒక రూపంలో తలెత్తుతూనే ఉంటుంది. బోనాల వేళ ఒక తీరుగా, ఆలయ ప్రవేశం వివాదమైనప్పుడు మరొక తీరుగా. ఉభయ పక్షాల వారూ ఆచారాన్ని ఒకే ముద్దగా చూస్తున్నారన్నది నా అభ్యంతరం. దానిని పోగులుగా విడదీసి, ఏది ఎవరికి బరువో చూసి, కొన్నిటిని ఉంచి కొన్నిటిని తెంచిన మనిషి జీవితం మన పొరుగునే ఉంది. ఆయన కేరళకు చెందిన నారాయణ గురు.

ఆయన 1856లో తిరువనంతపురం సమీపాన చెంపళంతి గ్రామంలో ఈళవ కుటుంబంలో జన్మించారు. కల్లుగీత ఆ కులానికి అంటగట్టిన వృత్తి. కల్లు అన్న మాట మలయాళంలోనూ కల్లే. అదే కులంలో సంస్కృతం, ఆయుర్వేదం తెలిసిన ఇళ్లూ ఉండేవి. గురువు తండ్రి పల్లెపిల్లలకు చదువు చెప్పేవారు. అయినా ఆ చదువు వారిని సవర్ణుల ఆలయ వీధి దాకా తీసుకుపోలేదు. ఆ తరువాతి తరంలో వైద్యపట్టా పొందిన డాక్టర్ పల్పుకు సైతం తిరువితాంకూరు ప్రభుత్వం కొలువు నిరాకరించింది. ఆయన మైసూరు సంస్థానంలో ఉద్యోగం వెతుక్కోవలసి వచ్చింది.

1888 శివరాత్రి నాడు అరువిప్పురంలో నెయ్యార్ నదిలోంచి ఒక రాయిని తెచ్చి గురువు శివునిగా ప్రతిష్ఠించారు. ఆలయం వద్దని ఆయన అనలేదు. ఆలయంలోకి రానివ్వమని ఎవరికీ అర్జీ పెట్టుకోనూ లేదు. బ్రాహ్మణుడు తన గుప్పిట్లో పెట్టుకున్న ప్రతిష్ఠాధికారాన్నే చేతిలోకి తీసుకున్నారు. ఆ అర్హత ఎక్కడిదని నిలదీసినవారితో, తాను ప్రతిష్ఠించింది ఈళవుల శివుణ్ణేనని అన్నట్లు ప్రతీతి. దీన్ని మనవాళ్లు చమత్కారంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో ఆరితేరిన న్యాయవాది తర్కం కనిపిస్తుంది. అది బ్రాహ్మణుల శివుడు కానప్పుడు వారి శాస్త్రానికి జరిగిన భంగమేమిటి?

అరువిప్పురం గురించి అందరూ రాస్తారు. ఇళ్లలోపల ఆయన చేసిన పని గురించి రాసేవారు తక్కువ. ఈళవ కుటుంబాల్లో రజస్వల కాకముందే ఆడపిల్ల మెడలో తాళి కట్టించే తాలికెట్టు అనే తంతు ఉండేది. ఆ కట్టినవాడు భర్త కాడు. అసలు సంబంధం తరువాత వేరే కుదురుతుంది. రజస్వల అయితే తిరండుకుళి, కడుపుతో ఉంటే పుళికుడి. ఒక్కో తంతుకూ పందిరి, విందు, బంధువుల రాక. ఇవన్నీ పై కులాల ఇళ్ల ఆడంబరాన్ని చూసి అప్పు చేసి మోసిన మర్యాదలు. పిల్లకు తాళి కట్టిన ముచ్చట తీరేది, తండ్రికి అప్పు మిగిలేది. గురువు వీటిని మానమని బోధించడంతో ఆగలేదు. పందిరి వేసిన ఇళ్లకే వెళ్లి ఆపించిన సందర్భాలున్నాయి. తీసేసిన చోటును ఖాళీగానూ వదలలేదు. పదిమందికి మించని సాక్షులతో, దండలు మార్చుకునే సాదా వివాహాన్ని అక్కడ నిలిపారు. పెళ్లి అన్న ఆచారం మిగిలింది, దాని ఖర్చు పోయింది. వారసత్వాన్ని మేనల్లుళ్ల నుంచి భార్యాబిడ్డల వైపు మళ్లించిన తిరువితాంకూరు ఈళవ చట్టం 1925లో వచ్చింది. చట్టం కంటే ముందే సమాజం కదిలిందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఆయనపై ఒక విమర్శ ఉంది, దాన్ని దాటవేయకూడదు. మాడన్, మరుత, చాత్తన్ వంటి కిందికులాల దేవతలను తొలగించి శివుణ్ణి, సుబ్రహ్మణ్యుణ్ణి నిలిపారు. జంతుబలిని, కల్లు నివేదనను మాన్పించారు. పోచమ్మను, మైసమ్మను మన చరిత్రగా చెప్పుకుంటున్న తెలుగు బహుజన విద్యార్థికి ఇది మింగుడుపడదు. పడకపోవడంలో న్యాయముంది. పై కులం కొలతలోనే తమ దైవాన్ని కొలుచుకున్న దోషం అందులో ఉందని నేనూ అంటాను. అయితే ఆయన అక్కడే నిలిచిపోలేదన్నది కూడా చెప్పాలి. 1912లో శివగిరిలో శారదను నిలిపినప్పుడు అభిషేకాలు, నైవేద్యాలు లేకుండా చేశారు. కారముక్కులో విగ్రహానికి బదులు దీపాన్ని ఉంచారు. 1927లో కళవంకోడంలో అద్దాన్ని ప్రతిష్ఠించారు. మొక్కడానికి వచ్చినవాడికి తన ముఖమే కనిపిస్తుంది. ఇక గుళ్లు కాదు, బడులు కట్టమని చివరి దశలో తన వారికి చెప్పసాగారు.

అసలైన పరీక్ష సొంత కులం నుంచే ఎదురైంది. 1903లో ఏర్పడిన శ్రీనారాయణ ధర్మ పరిపాలన యోగానికి గురువు అధ్యక్షుడు, కవి కుమారన్ ఆశాన్ కార్యదర్శి. పుష్కరం దాటేసరికి అందులో కులాభిమానం పెరిగిందని, 1916లో యోగాన్ని మనసా విడిచిపెట్టానని గురువు పల్పుకు లేఖ రాశారు. తాను ఏ కులానికీ చెందనని ప్రకటించారు. బ్రాహ్మణుడు తమను దూరం పెట్టడం అన్యాయమన్న ఈళవులు, పులయలను దూరం పెట్టడాన్ని మాత్రం ఆచారమనే అన్నారు. 1917లో చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ పులయలతో సహపంక్తి భోజనం ఏర్పాటు చేస్తే, ఆయనను పులయన్ అయ్యప్పన్ అని ఎగతాళి చేసి వెలివేసింది సొంత కులమే. గురువు అయ్యప్పన్ పక్షాన నిలిచారు. దేవుడి విషయంలో తనను మించి ముందుకు పోయిన నాస్తిక శిష్యుణ్ణి ఆయన వదులుకోలేదు. మన గ్రామాల్లో బీసీ వాడకూ దళిత వాడకూ మధ్య గీసిన గీతను ఆచారమనే పిలుస్తున్నవారు ఈ ఘట్టాన్ని చదవాలి. గుడి విషయంలో గురువును అనుసరించిన వేలమంది, పంక్తి దగ్గరకు వచ్చేసరికి వెనక్కి తగ్గారు.

1924లో వైకం ఆలయ వీధుల కోసం సత్యాగ్రహం మొదలైనప్పుడు ఆయన వెయ్యి రూపాయలు, తన ఆశ్రమ స్థలం ఇచ్చారు. ఆ సంవత్సరమే ఆలువలో సర్వమత సమ్మేళనం జరిపించారు. 1928 సెప్టెంబరు 20న శివగిరిలో కన్నుమూశారు. ఎనిమిదేళ్ల తరువాత, 1936 నవంబరు 12న, తిరువితాంకూరు మహారాజు ప్రభుత్వ ఆలయాలను హిందువులందరికీ తెరిచారు. ఇప్పుడు కేరళ రోడ్ల పక్కన అద్దాల గూళ్లలో కూర్చున్న గురువు విగ్రహాలకు దండలు వేస్తున్నారు, దీపాలు వెలిగిస్తున్నారు.