రాధ అలకను రాసిన ముద్దుపళని

ముద్దుపళని పేరు వింటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆమె ధైర్యమే. 18వ శతాబ్దంలో తంజావూరు నేలిన ప్రతాపసింహుని కొలువులో ఆమె గణిక, కవయిత్రి. ఆమె రాధికా సాంత్వనంలో, తాను పెంచిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్లి చేసిన రాధే తర్వాత అసూయతో కుమిలిపోతుంది. అలిగిన ఆమెను కృష్ణుడే బతిమాలుకుంటాడు. ఆడదాని కోరికను ఆడదే దాపరికం లేకుండా చెప్పడం పెద్దమనుషులకు మింగుడుపడలేదు. సంస్కర్త వీరేశలింగంగారు కూడా తప్పుపట్టారు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మగారు పూర్తి కావ్యాన్ని పట్టుబట్టి అచ్చువేయిస్తే, బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమంటూ నిషేధించింది. ప్రకాశం పంతులుగారి చొరవతో 1947లో ఆ నిషేధం తొలగింది. మగకవులు శృంగారం రాస్తే ప్రబంధమని మెచ్చుకున్నాం కదా! మరి ముద్దుపళని రాస్తే బూతెలా అయిందో మీరే చెప్పండి.