కంటి లోపలికి దారి చూపిన హెల్మ్‌హోల్ట్జ్

రాత్రిళ్ళు చేనికి నీళ్ళు పెట్టడానికి వెళ్తుంటే టార్చి వెలుగులో మా పిల్లి కళ్ళు నిప్పుకణికల్లా మెరుస్తాయి. అదే వెలుగు మా నాన్న ముఖాన పడితే కంటిపాప నల్లగానే ఉంటుంది. ఎందుకని? ఇలాంటి ప్రశ్నను పట్టుకుని వదలని శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్.

ఆయన 1821 ఆగస్టు 31న జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఒక పంతులుగారింట పుట్టాడు. మనసు భౌతికశాస్త్రం మీద. ఇంట్లో డబ్బు లేదు. సైన్యంలో డాక్టరుగా పనిచేయాలన్న షరతు మీద ప్రభుత్వం చదివించే బెర్లిన్ వైద్యసంస్థలో 1838లో చేరాడు. కోరింది ఒకటి, చదివింది ఒకటి. అయినా రెంటినీ వదల్లేదు. 1847లో శక్తినిత్యత్వ నియమంపై గొప్ప వ్యాసం రాశాడు.

తర్వాత కోనిగ్స్‌బర్గ్‌లో ప్రొఫెసరయ్యాడు. 1850లో విద్యార్థులకు కంటి పాఠం చెప్పడానికి సిద్ధమవుతుంటే అసలు సంగతి తట్టింది. కంట్లోకి పోయిన వెలుగు వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. ఆ దారిలో తల పెడితే వెలుగే ఆగిపోతుంది! అందుకని గాజుపలకల్ని ఏటవాలుగా నిలిపి, దీపం వెలుగును కంట్లోకి మళ్ళించి, పలకల గుండా చూశాడు. బతికున్న మనిషి రెటీనా కనిపించింది. అదే ఆఫ్తాల్మోస్కోపు.

అంతటితో ఆగలేదు. రెటీనా అతినీలలోహిత కిరణాలు సోకితే తానే కొద్దిగా వెలుగుతుందని 1855లో రాశాడు. దీన్నే ప్రతిదీప్తి అంటారు. 1894 సెప్టెంబరు 8న కన్నుమూశాడు.

ఆయన పోయిన నూరేళ్ళకి, 1990లలో, ఆ స్వయంప్రకాశాన్ని ఫోటో తీసి రోగాన్ని పోల్చుకునే పద్ధతి వచ్చింది. నీలికాంతి పడితే రెటీనా వెనక కణాల్లో పేరుకున్న లైపోఫ్యూసిన్ వెలుగుతుంది. కణాలు చచ్చిన చోట నల్లమచ్చ పడుతుంది. హెల్మ్‌హోల్ట్జ్ చూసిన వెలుగూ ఇదీ ఒకే పదార్థానివని నేననను. దారి మాత్రం ఆయన వేసిందే.

మా నాయనమ్మకు నడిమి చూపు పోయింది. ఎకరం అమ్మైనా ఆపరేషన్ చేయిద్దామన్నాడు నాన్న. డాక్టరుగారు ఇంజెక్షను లేకుండా ఇలాంటి ఫోటో తీసి, నల్లమచ్చ చూపించి, అక్కడ చూపు తిరిగి రాదన్నారు. రెండో కంట్లో మచ్చ ఇంకా నడిమికి రాలేదు, కనిపెట్టి ఉండాలన్నారు. చేను నిలిచింది. ఆశ కూడా కొంచెం నిలిచింది.

మిత్రులారా, ఆఫ్తాల్మోస్కోపు ఒక క్లాసు పాఠం కోసం పుట్టింది. మన పాఠాల్లో ఏముందో ఎవరికి తెలుసు? అడుగుదాం.