కారు నడపరానోడు సడక్ రూల్స్ రాసిండు

చౌరస్తల ఒక పానం పోతె మన ఊరోళ్లు రోడ్డు మీద కూసొని అడిగేటియి రెండే. స్పీడ్ బ్రేకర్ ఎయ్యాలె, లేకుంటె సిగ్నల్ పెట్టాలె. గుండ్రంగ సర్కిల్ కట్టుండ్రి అని అడిగినోళ్లను నేనైతె ఇప్పటిదాంక చూడలె. గందుకే గియాల ఒక ముసలాయిన ముచ్చట జెప్దామనుకుంటున్న. ఆయన పేరు విలియం ఫెల్ప్స్ ఈనో. సడక్ మీద బండ్లు ఎట్ల పోవాలె, మనుషులు ఎట్ల దాటాలె అని జిందగీ మొత్తం గదే రంధిల బతికిండు. విచిత్రం ఏందంటే, గాయనకు కారు నడుపుడు రాదు. నేర్సుకోనే లేదు.

ఈనో 1858ల న్యూయార్క్‌ల పుట్టిండు. తండ్రి భూములు, బిల్డింగులు, హోటళ్ల యాపారం జేసి మస్తు సంపాయించినోడు. పిలగానికి తొమ్మిదేండ్లప్పుడు, అంటే 1867ల, తల్లితోని గుర్రం బగ్గిల పోతాంటె బ్రాడ్‌వే కాడ ఇరుక్కపోయిండ్రు. లెక్క జూస్తె ఆడ ఉన్నయి డజను బగ్గీలో ఏమో. అయినా ఎవడు ముందుగాల పోవాలె, ఎవడు ఆగాలె అని ఒక్కనికి తెల్వది. పోలీసోళ్లకు గూడ తెల్వది. బండ్లు ఎక్కువై కాదు, పద్ధతి లేక ఆగింది అన్నది గా పోరని మనసుల పడ్డది. పెద్దయినంక గూడ గా ముచ్చట మర్వలె.

యేల్‌ల సదువు అయిపోయినంక తండ్రి ఆఫీసుల భూముల యాపారమే జూసుకున్నడు. 1898ల తండ్రి పోయిండు. ఏడాది తిరిగేసరికి ఈనో ఆ యాపారం ఇడిసిపెట్టిండు. చేతిల పైసలున్నయి, కూసొని తిన్నా ఒడువని ఆస్తి. గసొంటోడు పోయి పోయి ట్రాఫిక్ మీద పడ్డడు. అప్పట్ల గది ఒక పని అని గూడ ఎవ్వలు అనుకోలె. 1900ల గుర్రాల బండ్లోళ్లు సదివే ఒక పత్రికల సడక్ పద్ధతి మారాలె అని రాసిండు. నిదానం పోయే బండి కుడి అంచుకు ఉండాలె, దాటిపోయేది ఎడమ దిక్కు నుంచి పోవాలె, మలిగేముందు చెయ్యో కొరడానో లేపి ఎన్కోనికి చెప్పాలె. గియ్యాల మనకు గివి చిన్న పోరలకు గూడ ఎరుకైన ముచ్చట్లే. గప్పుడు ఎవ్వనికి ఎరుక లేదు.

1903ల న్యూయార్క్ నగరం ఈనో రాసిన రూల్స్‌ను ఒప్పుకున్నది. సొంత పైసలు పెట్టి అచ్చేయించి బండ్లోళ్లకు, పోలీసోళ్లకు పంచిండు. స్టాప్ బోర్డు, వన్ వే, టాక్సీ స్టాండ్, మనుషులు దాటే జాగల నడుమ చిన్న గద్దె, గివన్ని గాయన ఖాతలనే రాస్తరు. అన్ని ఒక్కడే కనిపెట్టిండు అని నేననను. చెదురుమదురుగ ఉన్న ఆలోచనలను ఒక్క కాడికి తెచ్చి అమల్ల పెట్టించిండు అంటే మాత్రం ఒప్పుకుంట.

ఇగ అసలు కథ. న్యూయార్క్‌ల కొలంబస్ విగ్రహం ఉన్న జాగల నాలుగు దిక్కుల నుంచి బండ్లొచ్చి కుప్ప పడుతుండె. 1905ల ఈనో ఒక ఉపాయం జెప్పిండు. ఎటు నుంచి వచ్చిన బండి అయినా సరే విగ్రహం సుట్టు ఒక్కటే దిక్కు తిరిగి, తన సడక్ వచ్చినంక మలిగి పోవాలె. గంతే. పారిస్‌ల గూడ యూజీన్ ఎనార్ అనే ఆర్కిటెక్టు దగ్గరదగ్గర గా రోజులల్లనే గిదే ఆలోచన జేసిండు. 1907ల ఎత్వాల్ చౌరస్తల, పన్నెండు సడకులు కలిసే జాగల, గిదే పద్ధతి పెట్టిండ్రు. మొదలు ఎవనిది అని ఇద్దరి నడుమ పంచాయితి ఉంది గని, మనకు గది అక్కెర లేదు.

ఈనో 1921ల ట్రాఫిక్ మీద పరిశోధన కోసం సొంత ఆస్తితోని ఒక సంస్థ పెట్టిండు. గా సంస్థ గియ్యాల్టికీ వాషింగ్టన్‌ల నడుస్తున్నది. 1945 డిసెంబర్‌ల, 87 ఏండ్ల వయసుల సచ్చిపోయిండు.

గని ఆయన సర్కిల్‌కు ఒక పెద్ద కొరత ఉండె. లోపలికి వచ్చేటోడు ఆగాల్నా, లోపల తిరుగుతున్నోడు ఆగాల్నా అన్నది చాన జాగలల్ల సక్కగ తేల్చలె. కొన్ని జాగలల్ల వచ్చేటోనికే ముందు దారి ఇచ్చిండ్రు. దాంతోని ఏమైతది? లోపలికి బండ్లు వస్తనే ఉంటయి, లోపలున్నయి బయటికి పోలేవు. సర్కిల్ మొత్తం తాళమేసినట్టు ఆగిపోతది. మీదికెల్లి సర్కిళ్లను పెద్దగ కడితె బండ్లు ఉరుకుడు, గుద్దుకునుడు. గట్ల అమెరికల సర్కిల్ అంటేనే జనం ఇసిగిపోయిండ్రు, 1950లకు వచ్చేసరికి కట్టుడే తగ్గిచ్చిండ్రు. ఎత్వాల్ కాడైతె గియ్యాల్టికీ వచ్చేటోనికే ముందు దారి.

గా ముడి ఇప్పింది బ్రిటన్. 1966ల ఒక్క రూలు పెట్టిండ్రు. సర్కిల్ లోపల తిరిగే బండిదే ముందు హక్కు, వచ్చేటోడు ఆగాలె. ఫ్రాంక్ బ్లాక్‌మోర్ అనే ఇంజనీరు దీని కోసం మస్తు కష్టపడ్డడు. రూలు మారంగనే గదే సర్కిల్ కొత్తగ పనిజేసింది.

దీంట్ల పానాలు ఎట్ల మిగులుతయో జూడుండ్రి. నాలుగు సడకులు కలిసే మామూలు చౌరస్తల బండికి బండి తాకే జాగలు 32 ఉంటయి. ఒక్క లైను సర్కిల్‌ల 8. సిగ్నల్ కాడ ఎర్రబుగ్గ పడంగనే ఒకడు తప్పించుకపోదామని ఉరికిస్తడు, పక్కకెల్లి వచ్చేటోడు గుద్దుతడు. గా దెబ్బ సక్కగ డోర్‌కు తాకుతది. సర్కిల్‌ల గట్ల ఉరికిచ్చే సందు ఉండది, సడకే వంకర తిరిగి ఉంటది కాబట్టి బండి నిమ్మలం గావాల్సిందే. తాకినా పక్క నుంచి రాసుకపోయినట్టే తాకుతది. స్పీడు సగమైతె దెబ్బ బలం నాలుగో వంతుకు పడిపోతది. అమెరిక సర్కారు హైవే శాఖ లెక్కల ప్రకారం, సిగ్నల్ ఉన్న చౌరస్తను సర్కిల్ జేస్తె, పానాలు పోయే, పెద్ద దెబ్బలు తాకే యాక్సిడెంట్లు 78 శాతం తగ్గినయి. రెండు దిక్కులనే స్టాప్ బోర్డు ఉన్న జాగలల్ల అయితె 82 శాతం. ఇండియానా రాష్ట్రంల కార్మెల్ అనే ఊరు సిగ్నళ్లు పీకేసి 150 కంటె ఎక్కువ సర్కిళ్లు కట్టుకున్నది.

గట్లని సర్కిల్ అన్నిటికి మందు అని నేను జెప్త లేను. మూడు నాలుగు లైన్ల సర్కిల్‌ల సైకిలోనికి, నడిచేటోనికి కష్టమే. ఒక సడక్ మీదనే బండ్లు ఎడతెగకుంట వస్తాంటె తతిమ్మ సడకులోళ్లకు సందు దొరకది. గక్కడ సిగ్నలే నయం.

మన కథ ఏందంటే, పేరుకు సర్కిల్ అన్న జాగలు మనకు చానే ఉన్నయి. కొన్నిట్ల గుండ్రం ఎప్పుడో పోయింది, పేరే మిగిలింది. గుండ్రం ఉన్న కాడ నడుమ విగ్రహం, దాని సుట్టు ఫ్లెక్సీలు. అవుతలికెల్లి ఏ బండి వస్తున్నదో కానరాదు. ఇగ రూలు సంగతి. మనకాడ బండి ఎడమకు నడుస్తది, సర్కిల్ కాడ కుడికెల్లి వచ్చేటోనికి దారియ్యాలె. లైసెన్సు ఉన్న ప్రతోనికి గిది ఎరుకుండాలె. ఎంతమంది ఆగుతున్నరు? హారన్ కొట్టినోడే ముందు పోతున్నడు. అంటే 1867ల బ్రాడ్‌వే మీద బగ్గీలు ఎట్ల ఆగినయో, మనం గియ్యాల గట్లనే ఉన్నం.

సర్కార్లకు నేను జెప్పేది ఒక్కటే. మండల కేంద్రాలల్ల, బైపాస్ కలిసే కాడ ఏటేట పానాలు పోతున్న చౌరస్తలను లెక్కదీయుండ్రి. గుండ్రం కట్టేతందుకు జాగ ఉన్న కాడ చిన్న సర్కిల్ కట్టి, ఫ్లెక్సీలు పీకి, ఆగాల్సినోడు ఎక్కడ ఆగాల్నో గీత గీయుండ్రి. గా గీత కాడ కొన్ని నెలలు పోలీసును నిలబెట్టుండ్రి. ఈనో గుండ్రం జూపెట్టిండు, బ్లాక్‌మోర్ అసొంటోళ్లు ఎవడు ఆగాల్నో తేల్చిండ్రు. మిగిలింది ఆగుడు. గది మన పని.