మెషిన్లు వదిలి పిట్టల వెనక

జాన్ మ్యూర్ అంటే అందరికీ అడవుల పెద్దాయన. నాకు నచ్చింది ఆయనలోని ఇంజనీర్. అమెరికాలోని విస్కాన్సిన్‌లో పొలం పని చేస్తూనే కొయ్యతో గడియారాలు చేశాడు. టైమ్ అవ్వగానే మనిషిని లేపి నిలబెట్టే మంచం కూడా! (మన హాస్టల్‌కి అర్జెంటుగా కావాలి.) యూనివర్సిటీలో చేరాడు గానీ డిగ్రీ పూర్తి చేయలేదు.

1867 మార్చిలో ఒక ఫ్యాక్టరీలో బెల్టు సరిచేస్తుంటే ఆకురాయి జారి కుడికంట్లో గుచ్చుకుంది. ఆ వెంటనే రెండో కంటి చూపూ పోయింది. 28 ఏళ్ళకి, వారాల తరబడి చీకటి గదిలో. రోజంతా స్క్రీన్ చూసే నాకు ఇది చదువుతుంటే భయమేసింది.

చూపు తిరిగొచ్చింది. ఫ్యాక్టరీ వదిలేశాడు. 1868 వసంతంలో కాలిఫోర్నియా చేరి, పూలు తొక్కకుండా అడుగు వేయలేని మైదానం దాటి, యోసెమిటీ కొండలకి నడిచాడు. అక్కడ ఆయన మనసు దోచింది వాటర్ ఊజెల్ అనే బూడిదరంగు చిన్న పిట్ట. మంచులాంటి వాగులో మునిగి, అడుగున నడుస్తూ పురుగులు ఏరుకుంటుంది. గడ్డకట్టే చలిలోనూ పాడుతుంది. వసంతంలో జలపాతం పక్కనే నాచుతో గూడు కడుతుంది, తుంపర్లకి ఆ నాచు పచ్చగానే ఉంటుంది. దాని మీద ఆయన పెద్ద వ్యాసమే రాశాడు.

ఆయన రాతల వల్ల కూడా 1890లో యోసెమిటీ నేషనల్ పార్క్ అయింది. పార్కు లోపలి హెచ్ హెచీ లోయలో డ్యామ్ వద్దని ఏళ్ళ తరబడి పోట్లాడి, 1913లో ఓడిపోయాడు. మరుసటి ఏడాది చనిపోయాడు. ఆ లోయ ఇప్పటికీ నీళ్ళ కిందే ఉంది.