సముద్రపుటొడ్డున రాణిగారి ఇల్లు

1837వ సంవత్సరము జూన్ 20వ తేదీన పదునెనిమిదేండ్ల విక్టోరియా బ్రిటిష్ సింహాసనము నధిష్ఠించెను. ఆమెకు కోటలకు కొదువ లేదు; తనదని చెప్పుకొనదగిన ఇల్లు మాత్రము లేదు. 1840లో ఆల్బర్ట్ రాకుమారుని వివాహమాడి, బిడ్డలు కలిగిన పిమ్మట ఈ కొరత ఆమెను మరింత బాధించెను. పెదతండ్రి నాల్గవ జార్జి బ్రైటన్‌లో కట్టించిన విలాసభవనము సముద్రతీరముననే యుండెను గాని, దాని చుట్టును పట్టణము పెరిగిపోయెను. రాణి వాహ్యాళికి వెడలినచో జనము మూగి వెంబడించుచుండిరి.

అప్పుడామె దృష్టి ఇంగ్లండు దక్షిణతీరమున కెదురుగా, సాలెంట్ జలసంధికి ఆవల నున్న వైట్ ద్వీపముపై నిలిచెను. బాల్యమున తల్లితో అక్కడ రెండు వేసవులు గడపియుండెను. 1845లో దంపతులు ఈస్ట్ కౌస్ సమీపమున ఆస్బోర్న్ ఎస్టేటును సొంత సొమ్ముతో కొనిరి. అందుచే ఏ గోడ ఎక్కడ లేవవలెనో ప్రభుత్వాధికారుల నడుగనక్కర లేకపోయెను. ఆ జలసంధిని చూచిన ఆల్బర్టునకు నేపుల్స్ అఖాతము స్ఫురించెనట. ఇటలీ భవనముల తీరున ఆయన యోచించిన నమూనాను టామస్ క్యూబిట్ అను లండను కంట్రాక్టరు 1851 నాటికి పూర్తిచేసెను.

ఆ తోటలో అన్నిటికంటె ముచ్చటైనది పిల్లలకై 1854లో వెలసిన స్విస్ కుటీరము. తొమ్మండుగురు బిడ్డలకును మడులు పంచి, తోటపనిముట్లు ఇచ్చిరి. వారు పండించిన కూరగాయలను తండ్రి బజారు ధరకు కొనెడివాడు. రాకుమార్తెలు అక్కడనే వంట నేర్చిరి. బడితోటలను గూర్చి ప్రసంగించువారు ఆల్బర్టును ఒకమారు తలచుకొనవచ్చును.

ఏకాంతము కోరి వచ్చిన రాణి వెంట లోకము కూడ వచ్చెను. మంత్రులు కాగితములతో జలసంధి దాటవలసివచ్చెను. సంపన్నులు వేసవిగృహములు కట్టుకొనిరి. 1862లో కౌస్, న్యూపోర్టుల నడుమ రైలు నడిచెను. 1866 నాటికి మరియొక మార్గము రైడ్ నుండి వెంట్నర్ చేరెను. చేపలపై బ్రదికిన పల్లెలలో వసతిగృహములు లేచెను. ఇదంతయు రాణివలననే యనుట అతిశయోక్తి. వెంట్నర్ గాలి ఊపిరితిత్తుల రోగులకు మేలని వైద్యులును చెప్పుచుండిరి. కాని రాణి విడిదియైన ద్వీపమను పేరు ఏ వైద్యుని మాటకును తీసిపోలేదు.

1861 డిసెంబరులో ఆల్బర్ట్ విండ్సర్‌లో మరణించెను. నలువది రెండేండ్ల వితంతువునకు ఆస్బోర్న్ ఆశ్రయమై, క్రమముగా అజ్ఞాతవాసమయ్యెను. ప్రజల కంటబడని రాణి మనకెందుకను ప్రశ్న లండనులో బయలుదేరెను. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు. అయినను పొరుగు గ్రామమైన విప్పింగ్‌హామ్ వారికి ఆమె అపరిచితురాలు కాదు. ఆ ఊరి చర్చిలోనే 1885లో కడగొట్టు కుమార్తె బియట్రిస్ వివాహము జరిపించెను.

1877లో భారత చక్రవర్తినిగ ప్రకటింపబడిన నాడు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు కరవున మాడుచుండెను. ఆమె భారతదేశమున ఏనాడును అడుగిడలేదు. 1887 నుండి అబ్దుల్ కరీమ్ అను ఆగ్రా మున్షీ యొద్ద హిందూస్తానీ నేర్చుకొనెను. లాహోరు శిల్పి భాయీ రామ్ సింగ్ ఆస్బోర్న్‌లో దర్బారు గదిని అలంకరించెను. తాను చూడని దేశమును ఆమె ఆ గదిలోనే చూచుకొనెను.

1901 జనవరి 22వ తేదీన ఆ ఇంటనే కన్ను మూసెను. ఫిబ్రవరి 1న యుద్ధనౌకల బారుల నడుమ ఆమె శవపేటిక జలసంధి దాటెను. కుమారుడు ఏడవ ఎడ్వర్డునకు ఆ ఇంటిపై మక్కువ లేదు. 1902లో దానిని జాతికి ఒసగెను. ఆవరణలో 1903 నుండి 1921 వరకు నౌకాదళ విద్యార్థుల కళాశాల నడచెను. రాణి సొంత గదులకు మాత్రము తాళములు పడెను. రెండవ ఎలిజబెత్ అనుమతితో 1954లో అవి తెరువబడెను. నాటినుండి టిక్కెట్టు కొన్నవారెల్లరు ఆమె పడకగదిని చూచుచున్నారు.