హకీం ఇబ్నె నఫీస్

రక్తప్రసరణను కనుగొన్నది ఎవరని అడిగితే మన విద్యార్థులు వెంటనే విలియం హార్వే పేరు చెబుతారు. అది సరియైన సమాధానమే. 1628లో ఆయన వెలువరించిన గ్రంథం శరీరధర్మశాస్త్రాన్ని కొత్త త్రోవ పట్టించింది. అయితే ఆ ప్రసరణలో ఒక భాగాన్ని, అనగా హృదయం నుండి ఊపిరితిత్తులకు పోయి మరల హృదయానికి వచ్చే రక్తమార్గాన్ని, 1242 నాటికే వ్రాసి ఉంచిన వైద్యుడు అలావుద్దీన్ అలీ ఇబ్నె నఫీస్.

1213 ప్రాంతంలో డమాస్కస్ పరిసరాలలో జన్మించిన ఆయన, ఆ నగరంలోని నూరీ వైద్యశాలలో అద్దఖ్వార్ అనే ప్రఖ్యాత గురువు వద్ద వైద్యం అభ్యసించారు. తరువాత కైరో చేరి ఈజిప్టు ప్రధాన వైద్యులయ్యారు. షాఫయీ ధర్మశాస్త్రాన్ని కూడా బోధించేవారు. స్నానం మధ్యలో నాడిని గురించి ఒక ఆలోచన తోచగా బయటికి వచ్చి, కలము, సిరా తెప్పించుకొని, వ్రాయడం ముగించిన పిమ్మటనే స్నానం పూర్తి చేశారని చరిత్రకారులు చెబుతారు.

క్రీస్తుశకం రెండవ శతాబ్దపు గేలెన్ మతం ప్రకారం, హృదయంలోని కుడి జఠరిక నుండి ఎడమ జఠరికకు రక్తం నడిమి గోడలోని సూక్ష్మరంధ్రాల గుండా పోతుంది. వెయ్యేండ్లు ఎవరూ కాదనలేదు. ఇబ్నె సీనా అంతటివాడు కూడా దానినే అనుసరించి, హృదయానికి మూడు జఠరికలని వ్రాశాడు. ఆయన ‘ఖానూన్’లోని శరీరనిర్మాణ భాగానికి వ్యాఖ్యానం వ్రాయబూనిన ఇబ్నె నఫీస్ వయస్సు అప్పటికి ముప్పది దాటలేదు. ఆ గోడ దళసరియైనదనీ, అందులో కంటికి కనబడే రంధ్రంగాని, కనబడని రంధ్రంగాని లేదనీ ఆయన నిర్ధారించారు. కనుక కుడి జఠరికలోని రక్తం పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తులకు పోయి, అక్కడ గాలితో కలిసి, పుపుస సిర ద్వారా ఎడమ జఠరికకు చేరవలెను. జఠరికలు రెండే. ఆ ధమనికీ సిరకూ మధ్య సన్నని మార్గాలు ఉండవలెనని కూడా ఆయన ఊహించారు. ఆ కేశనాళికలను 1661లో కప్ప ఊపిరితిత్తులలో సూక్ష్మదర్శినితో చూపినవాడు ఇటలీ దేశీయుడైన మాల్పీగీ. హృదయానికి పోషణ దాని కండలోనే వ్యాపించిన నాళాల వలన కలుగుతుందన్న మాట కూడా ఆ వ్యాఖ్యానంలో ఉన్నది.

షరియత్తు, తమ స్వభావంలోని కరుణ శవచ్ఛేదనకు అడ్డువచ్చాయని ఆయనే పీఠికలో చెప్పుకొన్నారు. మరి అదే గ్రంథంలో, ఛేదనం పూర్వుల మాటను అబద్ధం చేస్తున్నదనీ వ్రాశారు! పండితుల వాదం ఇంకా తెగలేదు. మాకు మాత్రం, గురుస్థానంలోని గ్రంథాన్ని వ్యాఖ్యానిస్తూనే దానిని కాదనగలిగిన ఆ ధైర్యమే ముఖ్యంగా తోస్తుంది.

హార్వే మన సొత్తును అపహరించాడని సభలలో కొందరు ఆవేశంతో పలకడం మేము వింటూనే ఉన్నాము. అందుకు ఆధారం లేదు. సర్వాంగాలకూ రక్తం పోయి తిరిగివచ్చే వలయాన్ని ఇబ్నె నఫీస్ చెప్పలేదు. రక్తం, గాలి కలిసి ఎడమ జఠరికలో ప్రాణశక్తి పుడుతుందన్న పాత భావనను విడువనూ లేదు. ఆ పుటలు మరుగున పడడానికి పరులను నిందించనేల? మన దేశపు యునానీ విద్యార్థులు తరతరాలుగా వల్లించినది ఆయన ‘మూజిజ్’ అనే సంగ్రహాన్ని. అందులో శరీరనిర్మాణ భాగమే లేదు. చివరకు 1924లో ఈజిప్టు వైద్యుడు తతావీ జర్మనీలో పరిశోధన చేస్తూ బెర్లిన్ గ్రంథాలయపు వ్రాతప్రతిలో ఈ విషయం కనుగొన్నాడు. వైద్యంపై మూడు వందల సంపుటాలు సంకల్పించి ఇబ్నె నఫీస్ ఎనుబది పూర్తిచేశారంటారు. వాటిలో దొరికినవి కొన్నే.

1288లో ఆయన మంచం పట్టారు. ఔషధంగా మద్యం పుచ్చుకొమ్మని తోటి వైద్యులు సలహా ఇచ్చారు. దేహంలో మద్యంతో అల్లాహ్ సన్నిధికి పోజాలనని ఆయన నిరాకరించారు. తమ ఇంటిని, గ్రంథాలను కైరోలో కొత్తగా వెలసిన మన్సూరీ వైద్యశాలకు వ్రాసియిచ్చి, ఆ డిసెంబరులో కన్నుమూశారు.